మాంసం కొట్టువాడి చెల్లెలు మానేస్తే...

సంఘంలో గౌరవం కావాలా? నలుగురూ మిమ్మల్ని ఆప్యాయంగా పలకరించాలా? అయితే వెంటనే వీగన్ అయిపోండి!

వీగన్లు మాంసం, చేపలు, గుడ్లు తినరు. ఆ మాత్రం చాలామంది చేస్తారు. వీళ్ళు పాలు, పెరుగు, వెన్న, చీజ్ కూడా ముట్టరు. తేనెను తేనెటీగలకే వదిలేస్తారు. ఇక తినడానికి ఏం మిగిలిందంటారా? ఆత్మగౌరవం. దాంతో కడుపు నిండదు గానీ, తేలిగ్గా అరుగుతుంది.

ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకుంది. మా అన్నయ్యది మాంసం కొట్టు. కింద కొట్టు, పైన మా కాపురం. పొద్దున్నే మొద్దు మీద కత్తి దెబ్బ పడితేనే నాకు మెలకువ. పళ్ళ డాక్టరమ్మ క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటాను. అక్కడ నా సొరుగులో పెన్నుల కన్నా చీజ్ ముక్కలే ఎక్కువ. ఇలాంటి మనిషి అన్నీ వదులుకుంటే దాన్ని త్యాగం అంటారు. ముందు నుంచీ ఆకులు తినేవాళ్ళు చేస్తే అది అలవాటు.

అసలు మొదలైంది క్లినిక్‌లో మధ్యాహ్నం భోజనాల దగ్గర. ఎవరో నెలరోజులు వీగన్‌గా ఉన్నారన్న కబురొస్తే, నేనూ ఉండగలనన్నాను. "నువ్వా? నెలరోజులు చీజ్ లేకుండానా? నువ్వూరుకున్నా నీ సొరుగు ఊరుకోదే!" అంది ఎక్స్‌రే తీసే అక్క. అందరూ నవ్వారు.

నేను తక్కువ మాట్లాడతాను. మాటకారులైతే ఇలాంటప్పుడు ఎదురు మాట అనేసి బయటపడతారు. మాలాంటివాళ్ళకి ఉండేది పంతమే. నెలరోజులు వీగన్‌గా ఉంటానని చెప్పేశాను. ఇంటికొచ్చి, "నేను మానేశాను" అన్నాను. "నెలరోజులకే" అన్న ముక్క గొంతులోనే ఉండిపోయింది.

ఇక లాభాలు వినండి.

అంతవరకూ నేనొకదాన్ని ఉన్నానని క్లినిక్‌లో కుర్చీకి తప్ప ఎవరికీ తెలీదు. ఆ రోజు నుంచి అందరికీ నా ఆరోగ్యమే ధ్యాస! మత్తు సూదితో దవడ సగం మొద్దుబారిన పేషెంటు కూడా, నోట్లో దూది ఉండగానే, "మయి ప్యోటీనో?" అని అడిగి మరీ వెళ్ళాడు. కన్నతల్లి అడుగుతుందా అంత ప్రేమగా?

చదువు కూడా పెరిగింది. ప్యాకెట్ల వెనక చీమ తలకాయంత అక్షరాలుంటాయి చూడండి, అవన్నీ చదివాను. బిస్కెట్లో పాలపొడి. బ్రెడ్‌లో పాలపొడి. ఆవుకి తెలియకుండా లోకంలో ఏదీ తయారవడం లేదు!

వీగన్ చీజ్ అని ఒకటి అమ్ముతారు. వేడిచేస్తే కరగదు. చల్లబడితే బిగుసుకోదు. నమిలితే లొంగదు. కష్టసుఖాలకి చలించకుండా ఉండటమెలాగో మహాత్ములు చెబితే నాకు అర్థం కాలేదు. ఆ ముక్కని చూశాక అర్థమైంది.

ఇంట్లో మా వదిన, "పోనీ సూప్ తాగు, ముక్కలన్నీ ఏరేశానుగా" అంది. అన్నయ్య మాత్రం ఒక్కసారే అడిగాడు. "నా మీద ఏమైనా కోపమా?" తల అడ్డంగా ఊపాను. అయినా రోజూ లేత ముక్క చూసి నాకోసం పక్కన పెడుతూనే ఉన్నాడు. సాయంత్రానికి దాన్ని పిల్లి తినేది. మా వీధిలో వీగనిజం వల్ల బాగుపడ్డ మొదటి జీవి అదే.

ఈలోగా వార్త మెట్లు దిగింది. ఎదురుగా కుట్టుమిషన్ పెట్టుకున్న టైలర్ పెద్దమ్మకి చేరాక ఇక దానికి అడ్డేముంది?

"కొట్టువాడి సొంత చెల్లెలే మానేసిందట!"

"ఊరికే మానేస్తుందా? లోపల ఏం చూసిందో ఏమో!"

నేను లోపల చూసింది నా ఆకలిని. కానీ నన్ను అడిగిందెవరు? కొనేవాళ్ళంతా వీధి చివరి కొట్టుకి మళ్ళిపోయారు. ఒకరోజు నాకు మెలకువే రాలేదు, పనికి ఆలస్యమైపోయింది. ఎందుకా అని చూస్తే, కింద కత్తి చప్పుడు లేదు. అన్నయ్య ఖాళీ మొద్దుని తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"ఒక్క ముక్క తినవే అమ్మడూ, అందరూ చూస్తుండగా. తర్వాత ఉమ్మేస్తావో ఏం చేస్తావో నీ ఇష్టం!" అని వదిన నా గడ్డం పట్టుకుంది.

నేను నోరు తెరిచేలోపే, "వద్దు. అది మానేశానంది. దాని మాట మనం నిలబెట్టాలి" అన్నాడు అన్నయ్య.

ఆ సాయంత్రం కొట్టు ముందు పొయ్యి పెట్టాడు. పెనం మీద నూనె పోసి, పెద్ద పెద్ద పుట్టగొడుగులు కోసి, మిరియాలపొడి చల్లి నల్లగా కాల్చాడు. జీవితంలో వంకాయైనా తరిగి ఎరగని మనిషి! "రా, ఇక్కడ నిలబడి తిను" అన్నాడు.

నిలబడ్డాను. నమిలాను. టైలర్ పెద్దమ్మ కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసింది.

"ఏమ్మా, లేతగా ఉందా?"

తల ఊపాను. అబద్ధమేముంది? పుట్టగొడుగు లేతగానే ఉంది. తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా. మాంసం కొట్టు ముందు ఏం నమిలినా మాంసమే! చీకటి పడేలోపు అన్నయ్య సరుకంతా అయిపోయింది. మర్నాడు కత్తి చప్పుడుకే లేచాను.

నెల గడిచింది. ఎక్స్‌రే అక్క ఓటమి ఒప్పుకుని, అందరి ముందూ నాకు దండం పెట్టింది. నేను పరుగున ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాను. వదిన అందరికీ మాంసం వడ్డించింది. నా కంచంలో పుట్టగొడుగులు.

"నీకోసం తెల్లారకుండా కూరగాయల బజారుకి వెళ్ళొచ్చా" అన్నాడు అన్నయ్య. ఒక్కో పుట్టగొడుగునీ తడిగుడ్డతో, పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచాడట. ఆ మొహం చూశాక, నెలరోజులకే అన్న ముక్క మళ్ళీ గొంతులోకి జారిపోయింది. పైగా, "సాయంత్రాలు నువ్వట్లా నిలబడితే గిరాకీ బాగుంటోందమ్మా" అన్నాడు.

అందుకని ఇప్పటికీ రోజూ నిలబడుతున్నాను. నా మొహం చూసి వీధంతా మాంసం కొనుక్కుపోతోంది. ఎందుకు తినవని అప్పుడు ఊరంతా అడిగింది. తింటావా అని ఇప్పుడు అడిగే దిక్కు లేదు!

కాబట్టి పాఠకులారా, వీగన్ అవ్వండి, చాలా మంచిది. మా వీధివైపు వచ్చినప్పుడు కొట్టు ముందు ఒక పిల్ల నములుతూ కనబడితే, లేతగా ఉందా అని మాత్రం అడక్కండి. వండిన ముక్క ఒకటి పొట్లం కట్టి, చేయి జారినట్టు అక్కడ పడేయండి. మా అన్నయ్య అటు తిరిగినప్పుడు వంగి తీసుకుంటాను.

చీజ్ అయినా పర్వాలేదు. కరిగేది.