ఇద్దరు విఠల్‌రావులు, ఒక ఎమ్మెల్యే

ఆ పొద్దున వైకుంఠం పెట్టుకున్న పనులు రెండే. రెండు ఫోన్లు మాట్లాడాలి, తర్వాత ప్రశాంతంగా కూర్చుని ఉప్మా తినాలి.

వైకుంఠం లాల్‌దర్వాజాలో ఎమ్మెల్యే విశ్వేశ్వర్ దగ్గర పీఏ. కింద ఆఫీసు, పైన ఎమ్మెల్యే కాపురం. విశ్వేశ్వర్ గెలిచి ఏడాదయిన సందర్భంగా ఒక యూట్యూబ్ చానల్ విలేకరి ఆయన నేపథ్యం, ఎన్నికలు, చేయబోయే పనుల గురించి అడగడానికి ఫోన్ చేస్తానన్నాడు. అదే పొద్దున కార్వాన్ నుంచి ఇంకొకాయన కూడా ఫోన్ చేస్తానన్నాడు. ఆయన కూతురు మాన్యను వైకుంఠం కొడుకు వరుణ్‌కు అడుగుతున్నారు. వరుణ్ కంచన్‌బాగ్‌లో ఇంజనీరు, బుద్ధిమంతుడు. కానీ పీఏ ఇల్లంటే రోజూ లొల్లే అనుకుని ఇప్పటికే చాలామంది వెనక్కి తగ్గారు. ఈ సంబంధం కూడా పోతే ఇంట్లో తన గతి ఏమవుతుందో వైకుంఠానికి తెలుసు.

విలేకరి పేరు విఠల్‌రావు. పిల్ల తండ్రి పేరూ విఠల్‌రావే. వైకుంఠం ఫోన్లో ఒకరిని విఠల్‌రావు అని, రెండో ఆయన్ని కొత్త విఠల్‌రావు అని రాసుకున్నాడు. ఇద్దరూ కొత్తవాళ్లేనన్న సంగతి అప్పుడు తట్టలేదు.

పొద్దున్నే భార్య రుక్మిణమ్మ గుమ్మం దాకా వచ్చి హెచ్చరించింది. "ఏం దాచకు. వాళ్లకు అబద్ధం అంటే గిట్టదట. ఉన్నదున్నట్టు చెప్పు."

ఆఫీసుకు రాగానే విశ్వేశ్వర్ కూడా పై నుంచి అదే మాట అన్నాడు. "ఏం దాచకు వైకుంఠం. ఓడిపోయింది గూడ చెప్పు. జనానికి గట్లనే నచ్చుతది."

ఆఫీసులో అప్పటికే అర్జీలు పట్టుకున్న జనం ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. ఆ గోలలో ఫోన్ మోగింది. చేసింది పిల్ల తండ్రి. వైకుంఠం మాత్రం విలేకరి అనుకునే మాట్లాడాడు.

"నమస్కారం, విఠల్‌రావును. ముందుగాల బ్యాక్‌గ్రౌండ్ చెప్పుండ్రి," అన్నాడు అవతలాయన.

"దాచేదేముంది సార్! డిగ్రీ నడుమనే ఇడిసిపెట్టిండు."

"ఇడిసిపెట్టిండా? ఇంజనీర్ అని చెప్పిన్రు గద?"

"ఎవరో గిట్టనోళ్లు చెప్పి ఉంటరు. మేం గసొంటి గొప్పలు చెప్పుకోం."

లాల్‌దర్వాజాలో ఎమ్మెల్యే వచ్చినా "వచ్చిండు" అనే అంటారు, ఇంట్లో కొడుకు వచ్చినా "వచ్చిండు" అనే అంటారు. ఆ మర్యాదే ఆ రోజు కొంప ముంచింది.

విఠల్‌రావు మెల్లగా అడిగాడు. "ఇంతకు ముందు ఏమన్న... ప్రయత్నం జరిగిందా?"

"రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ బోల్తానే. మొదటిసారైతే డిపాజిట్ గూడ పోయింది."

"అయ్యో, హాలోళ్లు వాపస్ ఇయ్యలేదా?"

హాలు సంగతి వైకుంఠానికి అర్థం కాలేదు. కౌంటింగ్ హాలు కాబోలు అనుకున్నాడు. "ఎట్లిస్తరు సార్, రూలు ప్రకారం పోతది. రెండోసారి మస్తు కష్టపడ్డం. చేతిలకు వచ్చిందాన్ని ఆఖరికి ఇంకొకడు ఎత్తుకపోయిండు."

"ఎత్తుకపోయిండా!"

"మా సొంతోళ్లే సాయం చేసిన్రు వానికి. అయినా ఫికర్ పడలే. మూడోసారి కొట్టిండు. ఏడాదయింది."

"అంటే... మూడోది ఇప్పుడు ఉన్నదా?"

"ఎక్కడికి పోతది సార్? అయిదేండ్లు ఉంటది. మంచిగ చూసుకుంటే మళ్ల అదే, లేకుంటే జనం మారుస్తరు."

"జనం మారుస్తరా?"

"మరి మనం మార్చుకుంటమా?"

అవతలాయన ఎలాగో తేరుకుని అడిగాడు. "ఇప్పుడు మనసు దేని మీదుంది?"

"అన్నిటికంటే ముందు తాగుడు నీళ్లు సార్," అన్నాడు వైకుంఠం. సరిగ్గా అప్పుడే పక్కనున్న ముసలాయన దగ్గాడు. 'నీళ్లు' అన్న మాట ఆ దగ్గులో కొట్టుకుపోయింది.

"తాగుడా?"

"పొద్దున లేస్తే అదే ధ్యాస."

ఫోన్ కట్టయింది. ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా వచ్చిందని వైకుంఠం సంతోషించాడు. ఉప్మా గిన్నె మూత తీశాడో లేదో మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి విలేకరి. వైకుంఠం చొక్కా సర్దుకుని, కాబోయే వియ్యంకుడికి నమస్కారం పెట్టాడు.

"విఠల్‌రావును అన్నా. వచ్చే ఏడాది ప్లాన్ ఏంది?" అన్నాడు విలేకరి.

"వచ్చే ఏడాది దాక ఎందుకు? మంచి ముహూర్తం దొరికితే శ్రావణంలనే పెండ్లి చేసేస్తం."

"పెండ్లా? ఆయనకా?"

"ఇంకెవరికి? బయట తిండికి కడుపు ఖరాబయితుంది. ఎన్ని రోజులని చూసుకుంట కూసుంటం?"

విలేకరి గొంతు తగ్గించాడు. "ఇంట్ల ఆమె ఒప్పుకున్నదా?"

"ఒప్పుకునుడేంది! ఆమెకే తొందర. పిల్లను గుడిల చూసింది ఆమెనే. అప్పటికెల్లి నా చెవుల ఒకటే పోరు."

"అబ్బ! మరి కట్నం గిట్ల?"

"ఒక్క పైసా వద్దు. పిల్ల మంచిదైతే చాలు."

"ఇది రాసుకోవచ్చా అన్నా?"

వియ్యంకుడు రాయించుకోవడం జాగ్రత్తపరుడి లక్షణం అనిపించింది వైకుంఠానికి. "శుభ్రంగ రాసుకోండ్రి," అన్నాడు.

ఉప్మా సగంలో ఉండగానే ఆఫీసులో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. ఒక ఫంక్షన్ హాలాయన రేటు తగ్గిస్తానన్నాడు. ఒక పంతులు మూఢం రాకముందే కానివ్వమన్నాడు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. అర్జీ ఇవ్వడానికి వచ్చిన ఒకాయన తన ఫోన్ చూపించే దాకా వైకుంఠానికి ఏమీ తెలియలేదు. తెర మీద విశ్వేశ్వర్ ఫొటో, దాని కింద పెద్ద అక్షరాలు: "ఎమ్మెల్యేకు రెండో పెండ్లి! గుడిలో పిల్లను చూసింది భార్యే! పైసా కట్నం వద్దు!" ఈ మాటలు ఎక్కడో విన్నట్టే ఉందనుకున్నాడు వైకుంఠం.

అదే వీడియోను పైన సులోచన కూడా చూసింది. ఎమ్మెల్యే భార్యగా ఆమె చాలా అబద్ధాలు విన్నది గానీ, తాను చేసినట్టు తనకే తెలియని పని వినడం ఇదే మొదలు. విశ్వేశ్వర్ సగం గడ్డం గీసుకుని, మిగతా సగం మీద నురగతో బయటికి వచ్చాడు.

"గుడిల ఎవరిని చూసిన నేను?" అని అడిగింది సులోచన.

"నాకేం తెల్సు? చూసింది నువ్వంట గద!" అన్నాడాయన నిజాయితీగానే.

ఇద్దరూ మెట్లు దిగి వచ్చేసరికి గల్లీ ఆడవాళ్లంతా వాకిట్లో ఉన్నారు. "ఇంట్ల భార్య ఉండంగ ఇంకో పెండ్లా? మా సులోచనమ్మకు న్యాయం కావాలె!" అని అరుస్తున్నారు. విశ్వేశ్వర్ అందరికీ చేతులు జోడించాడు. నురగ చొక్కా మీద పడింది.

వాళ్లను తోసుకుంటూ తెల్ల చొక్కా పెద్దమనిషి ఒకాయన లోపలికి వచ్చాడు. కార్వాన్ విఠల్‌రావు. పీఏ పని చేసే చోటికే వచ్చి నాలుగు మాటలతో కడిగేసి పోదామని బయలుదేరినవాడు, వాకిట్లో జనాన్ని చూసి నిలబడిపోయాడు. వరుణ్ బాగోతం ఊరంతా పాకిందన్నమాట! అందరూ చేయి చూపిస్తున్న సులోచన దగ్గరికి జాలిగా వెళ్లాడు.

"అమ్మా, మూడో ఆమె నువ్వేనా? పిల్లగాడు నీ కొడుకు లెక్క ఉంటడు గదమ్మా!"

సులోచన మొగుడి వైపు తిరిగింది. "రెండో ఆమె గుడిల దొరికిందంట. మూడో ఆమె నేనంట. మరి మొదటి ఆమె ఎవరు?"

"నువ్వే... నువ్వే మొదటిదానివి. ఒక్కదానివే!" అన్నాడు విశ్వేశ్వర్. ఎవరూ నమ్మలేదు.

"ఓ వైకుంఠం!" అని విఠల్‌రావు బల్ల మీద చరిచాడు. "ఇద్దరు పోయి మూడో ఆమె ఉండంగ, డిగ్రీ లేని తాగుబోతుకు నా బిడ్డను అడుగుతవా? ఫోన్ల నువ్వే చెప్పితివి గద!"

వైకుంఠం చేతిలో చెంచా అలాగే ఉంది. "మీరు... మీరు కార్వాన్ విఠల్‌రావా? మరి శ్రావణం ముహూర్తం ఎవరికి చెప్పిన నేను?"

నిజం అందరి కంటే ముందు అతనికే తెలిసింది. అతనక్కడే కుర్చీలో కూలబడి, డిపాజిట్ ఎవరిదో, ఎత్తుకపోయింది ఏమిటో, అయిదేండ్లు ఉండేది ఏదో, మొదటి నుంచి వివరించాడు. తాగుడు నీళ్ల దగ్గరికి వచ్చేసరికి విఠల్‌రావు తల పట్టుకున్నాడు. "అయితే మీ పిల్లగాడు ఇంజనీరేనా?"

"ఇంజనీరే. ఒక్కసారి గూడ పెండ్లి కాలే."

విఠల్‌రావు గుమ్మం వైపు నడుస్తూ వెనక్కి తిరిగాడు. "ఇతవారం సెలవే గద, చూపులకు రాండ్రి. కానీ మాట్లాడేది మీ ఇంటామె. మీరు నోరిప్పొద్దు."

వైకుంఠం నోరిప్పకుండానే తల ఊపాడు.

వాకిట్లో మాత్రం అరుపులు ఆగలేదు. ఈలోగా చానల్ విఠల్‌రావు కూడా కెమెరాతో వచ్చి లైవ్ మొదలుపెట్టాడు. విశ్వేశ్వర్ మైకు అందుకుని తన నేపథ్యం, రెండు ఓటములు, మురుగు నాలాల మరమ్మతు గురించి చెప్పబోయాడు. ఒక్కరూ వినలేదు. సులోచన ఆ మైకు లాక్కుంది.

"అక్కలారా, ఫికర్ చేయకుండ్రి. ఏడాది నుంచి గల్లీకి నల్లా నీళ్లు తేలేనోడు, రెండో పెండ్లాన్ని యాడికెల్లి తెస్తడు?"

వాకిలంతా ఒక్కసారి ఘొల్లుమంది. న్యాయం కోసం వచ్చినవాళ్లు కడుపు పట్టుకుని గోడకు ఆనుకున్నారు. ఆమె అక్కడితో ఆగకుండా ఏ గల్లీలో పైపు పగిలిందో, ఎక్కడ మురికినీళ్లు కలుస్తున్నాయో ఇంటి పేర్లతో సహా చెప్పుకుపోయింది. సాయంత్రానికి ఆ వీడియో ఊరంతా తిరిగింది.

చీకటి పడే వేళకు పార్టీ అధ్యక్షుడి నుంచి ఫోన్ వచ్చింది. తిట్లు తినడానికి సిద్ధపడి, విశ్వేశ్వర్ నిలబడే మాట్లాడాడు.

"పెండ్లి లొల్లి ఇడిసిపెట్టు," అన్నాడు అధ్యక్షుడు. "ఆ మైకు పట్టుకున్న ఆమె ఎవరు? వచ్చేసారి అక్కడ ఆమెను నిలబెడదాం. నువ్వు మంచిగ ప్రచారం చేయాలె."

విశ్వేశ్వర్ ఫోన్ పెట్టేసి, చొక్కా గుండీలు సరిచేసుకుని, మేడం పైన ఖాళీగా ఉన్నారేమో కనుక్కోమని వైకుంఠాన్ని పంపించాడు.