కామాకు అటూ ఇటూ

"ఇవాళైనా కామాల కోసం ఎవరితోనూ తగువు పెట్టుకోకుండా పెందలాడే ఇంటికి రండి," అంది భార్య, టిఫిన్ డబ్బా చేతికిస్తూ. హెడ్ క్లర్కు అలాగేనన్నాడు. పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ ఆఫీసులో ఏ ఇంగ్లీషు ఉత్తరమైనా ఆయన ఎర్ర పెన్ను దాటి వెళ్లాల్సిందే. ఆయన దిద్దుతాడు, టైపిస్టు మళ్లీ కొడుతుంది, ఆయన అడుగున సంతకం గీకుతాడు, కాగితం మేనేజరు గదికి పోతుంది. ఇరవై ఆరేళ్లుగా ఇదే వరస. ఉత్తరంలో ఏముందని అడిగితే మాత్రం చెప్పలేడు. ఆయన కళ్లకు తప్పులే తప్ప సంగతులు ఆనవు.

ఆ పొద్దున టైపిస్టు ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. "సార్, ఇది నాది. ఒక్కసారి చదవండి."

ఆయన రెండో వాక్యం దగ్గరే ఆగిపోయాడు. "ఇక్కడ కామా ఏదమ్మా?"

"అక్కడ అక్కర్లేదండీ," అన్నాడు పక్క బల్ల గుమాస్తా, మెడ సాచి.

"అక్కర్లేదా! ఎవరు చెప్పారయ్యా నీకు?"

అంతే. సొరుగుల్లోంచి గ్రామరు పుస్తకాలు దుమ్ము దులుపుకుని లేచాయి. సెక్షనంతా రెండు వర్గాలైంది. గంటసేపు పదిమంది ఆ వాక్యం మీద వేళ్లు పెట్టి వాదించుకున్నారు. టైపిస్టు నోరు తెరిచినప్పుడల్లా, "ఉండమ్మా, నీకు తెలీదు," అన్నారు రెండు వర్గాలవాళ్లూ.

చివరికి కామా గెలిచింది. ఆమె కళ్లనీళ్లు కుక్కుకుని మళ్లీ కొట్టి తెచ్చింది. తన సంతకానికని ఆమె వదిలిన ఖాళీలో హెడ్ క్లర్కు అలవాటుగా సంతకం గీకేశాడు. గెలిచిన ఊపులో తానే పట్టుకెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టి వచ్చాడు.

పావుగంటలో పిలుపొచ్చింది. మేనేజరు ముఖం పాలిపోయి ఉంది.

"నేను మిమ్మల్ని అంత వేధించానా అండీ?"

"తమరా! నన్నా!"

"పై అధికారి రోజూ నలుగురిలో అవమానిస్తున్నారట, అందుకే మీరు ఉద్యోగం మానేస్తున్నారట. కింద మీ సంతకం. నాకు గుండె ఆగినంత పనైంది. సరే, మీ ఇష్టమని మంజూరు చేసేశాను."

హెడ్ క్లర్కు బల్ల మీదికి వంగాడు. కాగితం తీసుకుని, జన్మలో మొదటిసారి ఒక ఉత్తరాన్ని సంగతి కోసం చదివాడు. తన మీద ఫిర్యాదుకు తానే కామా పెట్టాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"సార్, ఇది టైపిస్టు రాజీనామా. ఆ పై అధికారిని... నేనే."

"అయితే ఆ ముక్క రాసివ్వండి. ఇప్పుడే."

బయటికొచ్చి టైపిస్టు ముందు నిలబడ్డాడు. "తప్పు నాదేనమ్మా. నువ్వు మానొద్దు. ముందు ఈ ముక్క కొట్టిచ్చి నా ఉద్యోగం నిలబెట్టు."

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. తర్వాత మిషన్లోకి కాగితం ఎక్కించింది. ఆయన చెబుతుంటే కొడుతూ మధ్యలో ఆగింది. "ఇక్కడ కామా పెట్టనా సార్?"

"నీ ఇష్టం తల్లీ."

ఆ ఉత్తరం మూడు తప్పులతో మేనేజరు గదిలోకి వెళ్లింది. ఇద్దరి ఉద్యోగాలూ నిలిచాయి.