కొండలకు మ్యాచింగ్ హాస్టల్

అశోక్‌నగర్‌లో హాస్టల్ గదికి కిటికీ శుద్ధ దండగ! వెలుతురు కావాలా? ఫ్లెక్స్ మీద వేయించుకోవచ్చు. కొండలు కావాలా? అవీ అక్కడే దొరుకుతాయి. పైగా వాటికి మెయింటెనెన్స్ లేదు.

ఈ సత్యాన్ని మొదట గ్రహించిన మహానుభావురాలు రాజ్యలక్ష్మి. అక్కడో గల్లీలో ఆమెకు లేడీస్ హాస్టల్ ఉంది. ముందు కరెంటు స్తంభం, వెనక పక్కింటి గోడ. ఉన్నదున్నట్టు ఫొటో తీసి పెడితే ఎవరైనా చేరతారా? మీరే చెప్పండి! అందుకే ఆమె చిక్కడపల్లిలో ఫ్లెక్సులు డిజైన్ చేసే భాను దగ్గరికి వెళ్లింది.

భాను కంప్యూటర్లో హాస్టల్ వెనక కొండలు నిలబెట్టి, వాటి మధ్య సాయంత్రపు సూర్యుణ్ణి దించాడు. ముందు, అదే హాస్టల్లో గ్రూప్స్‌కు చదువుతున్న నర్మద ఫొటో అతికించాడు. కొండలు బంగారంలా మెరుస్తున్నాయి. హాస్టల్ బూడిద రంగు. నర్మద ముఖం పాలిపోయి ఉంది. మూడూ మూడు పెళ్లిళ్లకు బయల్దేరినట్టున్నాయి.

"ఎనక ఎండ ఏ రంగుల ఉంటే ముంగట ఉన్నదానికి గదే రంగు పడాలె మేడం. కొండలను ముట్టుకోవద్దు. మనమే కొండలకు సర్దుకోవాలె" అన్నాడు భాను.

రాజ్యలక్ష్మికి అది వేదవాక్కయింది. భాను తెర మీద హాస్టల్‌కు నారింజ రంగు పట్టిస్తుంటే, ఆమె నారాయణగూడ నుంచి పెయింటర్ ఈదయ్యను పిలిపించి అసలు హాస్టల్‌కూ అదే రంగు కొట్టించింది. ఏం నిజాయితీ! ఫొటో చూసి వచ్చినవాళ్లు మోసపోకూడదు కదా? డాబా మీద నీలం బకెట్లు నిషేధించింది. ఎర్ర నైటీ ఆరేసిన అమ్మాయిని పట్టుకుని "ఇది కొండలకు మ్యాచ్ అయితదా?" అని నిలదీసింది.

నర్మద ముఖమొక్కటే దారికి రాలేదు. నారింజ పెంచితే సాంబారు మీద పడ్డట్టు, పసుపు పెంచితే కామెర్లు వచ్చినట్టు, రెండూ తగ్గిస్తే మళ్లీ సున్నం.

"ఈ చెల్లె మొఖంల ఎండనే లేదు మేడం" అని భాను చేతులెత్తేశాడు.

"ఉన్నదొక్క కిటికీ అన్నా. అండ్లకెల్లి వచ్చే ఎండ నా బుక్కుకే సాలదు" అంది రాజ్యలక్ష్మి వెంట వచ్చిన నర్మద.

పాపం, నిజమే. పగలు లైటు వేస్తే కరెంటు బిల్లని రాజ్యలక్ష్మి ఊరుకోదు. నర్మద ఏం చదివినా ఆ కిటికీ పక్కనే చదవాలి. పరీక్ష ముంచుకొస్తోంది.

చివరికి రెండంతస్తుల ఫ్లెక్స్ తయారై హాస్టల్ ముఖం నిండా వెలిసింది. అందులో సూర్యుడు సరిగ్గా నర్మద కిటికీ మీద అస్తమించాడు. ఇక గదంతా నారింజ చీకటి. గోడ నారింజ, పుస్తకం నారింజ, నర్మద ముఖం కూడా నారింజ! కంప్యూటర్ వల్ల కానిది ఫ్లెక్స్ వల్ల అయింది.

"ఆంటీ, అక్షరాలు కనవడ్తలేవు. జర పక్కకు జరిపించుర్రి."

"జరిపితే కొండలు కరాబైతయ్ బిడ్డా. సర్దుకోవాలె."

మర్నాడు పొద్దున్నే నర్మద కిటికీ ఊచల్లోంచి చేయి చాపి, బ్లేడుతో సూర్యుణ్ణి గుండ్రంగా కోసేసింది. అసలు ఎండ వచ్చి పుస్తకం మీద పడింది. చూశారా పాఠకులారా, కిటికీ ఉంటే వచ్చే చిక్కు ఇదే!

రాజ్యలక్ష్మి లబోదిబోమంటూ భానును పిలిపించింది. "సూర్యుడు ఉండాల్సిన కాడ పిల్ల మొఖం ఉన్నది! జర సూడు, రంగు ఏమన్న కలిసిందా?"

భాను రోడ్డు మీద నిలబడి తల పైకెత్తి చూశాడు. పైన నర్మద చదువుకుంటోంది. ముఖం నిండా ఎండ.

"ఆ చెల్లె మొఖం కరెక్టుగనే ఉంది మేడం. కొండలే కలుస్తలేవు" అన్నాడు.