గోడలో ఇరుక్కున్న గుర్రం

ఇంటర్నెట్‌లో ఆటల మరమ్మతుదారుల వేదిక మహా దివ్యంగా నడుస్తున్నదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. సభ్యులు లేరు. పర్యవేక్షకులు మాత్రం పుష్కలంగా ఉన్నారు.

కంపెనీవాళ్ళు కంప్యూటర్ ఆటను అరకొరగా తయారుచేసి అమ్మితే, ఆడేవాళ్ళే దానికి మాడ్ అనే అతుకు వేసి ఊరికే పంచిపెట్టిన రోజులుండేవి. ఆటలో వంతెన కూలితే ఒకడు కట్టాడు. రాజుగారికి మెడ తిరగకపోతే ఇంకొకడు తిప్పాడు. ఆ వైభవానికి మిగిలిన పెద్దదిక్కు పెద్దన్న. పగలు దుకాణంలో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు, సాయంత్రం వేదికలో క్రమశిక్షణ బాగుచేస్తాడు. కొత్తవాడెవడైనా నోరు తెరిస్తే "ఇది పూర్వమే అడిగారు" అని, ఇంకెవరూ జవాబు రాయకుండా ప్రశ్నను మూసేయడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

అలాంటి వేదికకు చోటిచ్చిన సర్వర్ యజమాని తాఖీదు పంపాడు. నెలాఖరులోగా ఒక్క కొత్త సభ్యుడైనా నిలవకపోతే మొత్తం చెరిపేస్తాడట. పెద్దన్న సగం జీవితపు పని అందులోనే ఉంది. వేరే నకలు లేదు. అన్నం సహించలేదు.

"ఎవరూ రావట్లేదే," అన్నాడు భార్యతో.

"వచ్చినవాణ్ణి ఉండనిస్తేగా," అంది ఆవిడ బట్టలు మడతపెడుతూ.

దేవుడు చల్లగా చూశాడు. ఒకడు వచ్చాడు. "అన్నా, నా గుర్రం గోడలో ఇరుక్కుంది. ఎలా తీయాలి?" అన్నాడు. పర్యవేక్షకులు ఆనందబాష్పాలు రాల్చారు. "మన ద్వారాలు సదా తెరిచే ఉంటాయి" అని పెద్దన్న స్వాగతోపన్యాసం చేసి, ఆ చేత్తోనే ప్రశ్నను మూసేశాడు. పూర్వం ఎవరో అడిగే ఉన్నారు మరి. అక్కడికి పోయి చూసుకోమన్నాడు.

కొత్తవాడు పోయి చూశాడు. పూర్వం అడిగినవాడే కింద రాసుకున్నాడు: "గుర్రం బయటికొచ్చేసింది. అందరికీ ధన్యవాదాలు." ఎలా వచ్చిందో రాయలేదు. ఉత్తమ సమాధానంగా దానికి బంగారు నక్షత్రం ఇచ్చి ఉంది.

"వచ్చింది సరే అన్నా, ఎలా వచ్చింది?" అని కొత్తవాడు మళ్ళీ అడిగాడు.

ఒకే ప్రశ్న రెండుసార్లు! అత్యవసర సమావేశం జరిగింది. గుర్రం రంగు చెప్పకపోవడంలో దురుద్దేశం ఉందని ఒక పర్యవేక్షకుడు అనుమానించాడు. పెద్దన్నకు జవాబు తెలుసు. ఒక్క మీట నొక్కితే చాలు. చెప్పేద్దామని వేళ్ళు ఆడాయి కూడా. అయినా మనసు దిటవు చేసుకుని, వేదిక క్షేమం కోరి, కొత్తవాణ్ణి శాశ్వతంగా బహిష్కరించాడు.

"చెప్పేస్తే మీ సొమ్మేం పోయింది?" అంది భార్య.

"ఇవాళ వీడికి చెబితే రేపు ఇంకొకడొస్తాడే!"

"రావాలనేగా మీరు కొట్టుకుంటున్నది?"

పెద్దన్న నిబంధనల జాబితా తెరిచి దీనికి జవాబు వెతికాడు.

నెలాఖరుకు వేదిక చెరిగిపోయింది. వంతెన, గుర్రం, రాజుగారి మెడ, అన్నీ పోయాయి. మర్నాడు ఇంటర్నెట్ నిండా సంతాపాలు వెల్లువెత్తాయి. ఏళ్ళ తరబడి మాడ్లు పట్టుకుపోయి, బాగుందని ఒక్క ముక్క రాయనివాళ్ళు వేలకు వేలు వచ్చి, "మా బాల్యం పోయింది, ఎవరైనా కాపాడి ఉండాల్సింది" అని కన్నీరు పెట్టారు. పెద్దన్న దుకాణంలో కూర్చుని ఒక్కొక్కటీ చదివాడు. ఇంతమంది ఉన్నారని అతనికి తెలియనే తెలియదు.

మీరు రాసిన సంతాపం కూడా చదివాడు. చాలా బాగా రాశారట.