ఎడమ బూటులో బంగారం

"ఈ కువైట్ దేశంలో కండ్లుండేటోళ్ళు శానామంది ఉండారు. చూపుండేటోడు ఒక్కడే. ఆ ఒక్కడూ మీ గదిలో, ఈ కిటికీ పక్క మంచం మీదనే ఉండాడు!"

శుక్రవారం పగలు పదకొండు గంటలకు ఓబుళేశు ఆ మంచమెక్కి నిలబడి చేసిన ప్రకటన ఇది.

ఓబుళేశుది కర్నూలు పక్కన కల్లూరు. కంపెనీ భోజనశాలలో యూనిఫారాలు ఇస్త్రీ చేయడం అతని ఉద్యోగం. నేరాలు ఛేదించడం అతని అవతార లక్ష్యం. ఇంతవరకు ఛేదించిన కేసు ఒక్కటే. పాలపొడి డబ్బా మాయమైతే మూడు రోజులు అందరి పెట్టెలూ సోదా చేసి, ఇద్దరి చేత ప్రమాణాలు చేయించి, నాలుగో రోజు దాన్ని తన దిండు కిందే కనిపెట్టాడు. "నేరస్థుడు నన్నే ఇరికించాలని చూసినాడు" అని తీర్పు చెప్పి కేసు మూసేశాడు.

ఇప్పుడు రెండో కేసు గది నడుమ రేకుపెట్టె మీద కూర్చుని ఉంది. తెల్లగుడ్డలో కుట్టిన మూట.

రాజంపేట నుంచి సెలవు ముగించుకొని వచ్చిన ఒకాయన నిన్న ఈ గదికి రెండు మూటలు ఇచ్చి పోయాడు. ఒకటి బద్వేలు లక్ష్మన్నది. అందులోని ఊరగాయ జాడీ దారిలో కారి, రెండో మూట మీది పేరును నూనెలో ముంచేసింది. గదిలో ఉన్నది ముగ్గురు. ఆ మూట ఎవరిదో ఒక్క ప్రకాశానికే తెలుసు.

అది అతనిదే. రాజంపేటలో చెప్పులు కుట్టే శామ్ అతని చిన్ననాటి స్నేహితుడు. పదేళ్ళ వయసులో ప్రకాశం చింతచెట్టు మీంచి పడి, ఎముక సరిగా అతకక ఎడమకాలు వేలెడంత పొట్టి అయినప్పుడు అతణ్ణి బడికి మోసినవాడు శామే. ఇప్పుడు కంపెనీ బూట్ల ఫోటో, అట్టముక్క మీద గీసిన పాదాల కొలతలు తెప్పించుకొని, నెల రోజులు కూర్చుని చేత్తో ఒక జత కుట్టాడు. చూడటానికి అచ్చం కంపెనీ బూట్లే. ఎడమదానికి మాత్రం లోపల వేలెడంత ఎత్తు.

ఆ ఎత్తు ప్రకాశానికి రేపు పొద్దునకల్లా కావాలి. అతను చేసే గిన్నెలు కడిగే పనికి మిషన్లు వస్తున్నాయి. కడిగేవాళ్ళందరి చేతా కొత్త మేనేజరు రేపు ట్రేలు మోయించి చూస్తాడు. నడక తిన్నగా ఉన్నవాడు హాల్లో వడ్డనకు, లేనివాడు ఊరికి. గదికి వచ్చిన ఈ ఆరునెలలూ ప్రకాశం ఎడమ బూటులో అట్టముక్క మడిచి పెట్టుకొని, "రాజంపేట నడక అంతేనన్నా" అని నెట్టుకొచ్చాడు. రాజంపేట వాళ్ళందరూ అలాగే ఊగుతూ నడుస్తారని లక్ష్మన్న నమ్మాడు కూడా.

"మూట నాది" అని ఒక్కమాట అంటే సరిపోయేదే. కానీ ఓబుళేశు కనిపెట్టినవీ, కనిపెట్టానని అనుకున్నవీ ఏవైనా గంటలోపల మేనేజరు చెవిలో ఉంటాయి.

"చివరిసారిగా అడుగుతాండా. ఈ మూట ఎవురిది? ప్రకాశం, నీదా?"

"నాది కాదన్నా."

"నూనె పోసి పేరు చెరిపినారంటే దీని ఎనకాల పెద్ద ముఠానే ఉండాది!"

"అది మా అమ్మ మామిడికాయ ఊరగాయప్పా" అన్నాడు మంచం మీద మోకాలికి తైలం రాసుకుంటున్న లక్ష్మన్న. "మా అమ్మ ఏ ముఠాలోనూ లేదు."

ఓబుళేశు భూతద్దం తీసి కుట్ల మీద పెట్టాడు. "గమనించండి. మైనం పూసిన దారం. ప్రతి కుట్టూ ఒకే కొలత. ఇది ఆపరేషన్లు చేసే డాక్టరు కుట్టు! లోపల ఏదో అవయవం ఉండాది."

"అవయవమైతే వాసన రాదేం?"

"అదే నేరస్థుని తెలివన్నా."

బ్లేడుతో కుట్లు కోస్తుంటే ప్రకాశానికి తన చర్మమే కోస్తున్నట్టుంది. గుడ్డ విడిపోయింది. కొత్త తోలు వాసన గదంతా నిండింది. నల్లగా, నిగనిగలాడుతూ రెండు బూట్లు. కన్నతల్లి బిడ్డను చూసినట్టు చూసి, చటుక్కున తల తిప్పుకున్నాడు ప్రకాశం.

"ఎందుకట్ల చూసినావు? నీవి కాదు గదా?"

"కాదు. బాగుండాయని చూసినా."

ఓబుళేశు రెండిటినీ చెరో చేత్తో తూచాడు. కళ్ళు చిన్నవయ్యాయి. అంగుళాల పట్టీ తెచ్చి కొలిచాడు. కళ్ళు పెద్దవయ్యాయి. "ఎడమది బరువు! ఎడమది మందం! అట్టకూ అడుగుకూ మధ్య ఏముండాదో చెప్పమంటారా? బంగారం!"

లక్ష్మన్న తైలం సీసాకు మూత పెట్టాడు. "ఏమప్పా, బంగారం ఈడినుంచి ఆడికి పోతాది. ఆడినుంచి ఈడికి ఎవడన్నా తెస్తాడా?"

"ఎవడూ తేడు కాబట్టే ఎవడూ అనుమానించడు! అడుగు కోసి చూస్తే తేలిపోతాది. ప్రకాశం, నీకేమన్నా అడ్డమా?"

"నాకేంటికన్నా అడ్డం? నావి కావు గదా."

మూడోసారి. కోడి కూసేలోపు ప్రభువును ఎరగనని పేతురు మూడుసార్లు బొంకిన ఆదివారం బడి కథ గుర్తొచ్చి, ఎక్కడైనా కోడి కూస్తుందేమోనని ప్రకాశం చెవులు రిక్కించాడు. పక్కగదిలో ఎవరిదో ఫోను మోగింది. 'ప్రభువా, కుంటివాణ్ణి మాటతోనే నడిపించినావంట. నన్ను బూట్లతో నడిపించినా చాలు. ఆ బూట్లను ఈ ఓబుళేశన్న చేతికి ఏంటికి ఇచ్చినావో అదొక్కటీ అర్థం కాలేదు' అని లోపలే మొరపెట్టుకున్నాడు.

ప్రార్థన సగమే ఫలించినట్టుంది. కోసే ముందు నేరస్థుడి మనసులోకి ప్రవేశించాలని ఓబుళేశుకు తోచింది. బూట్లు తొడుక్కొని ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాడు. ఎడమవైపు లేచి, కుడివైపు కుంగి, మళ్ళీ లేచి, చివరికి రేకుపెట్టెకు తగులుకొని దాని మీదే కూలబడ్డాడు.

"తేలిపోయింది!" అని కూలబడ్డచోటి నుంచే అరిచాడు. "ఇవి ఏసుకున్నోడు కుంటుతాడు! కాబట్టి నేరస్థుడు కుంటోడు! ఈ గదిలో కుంటేటోడు ఎవుడు?"

ప్రకాశం మంచం మీంచి కదల్లేదు. ఓబుళేశు చూపు అతన్ని దాటిపోయి, తైలం రాసిన మోకాలి మీద ఆగింది.

"లక్ష్మన్నా! నువ్వా!"

"థూ! ఉల్లిగడ్డలు కోస్తా పన్నెండేండ్లు నిలబడితే మోకాలు అరిగిందిరా!"

"ప్రతి నేరస్థుడూ ఇట్లనే చెప్తాడు." ఓబుళేశు బూట్లు విప్పి, గుమ్మం దగ్గర అందరి బూట్ల పక్కనే పెట్టి, ఫోను చెవికి ఆనించుకొని, కత్తి కోసం నడవ చివరి వంటగది వైపు బయలుదేరాడు. "సార్, నమస్తే సార్. మా గదిలో కుంటేటోడు ఒకడుండాడు సార్. శానా పెద్ద కేసు సార్..."

లక్ష్మన్న మొహంలో రక్తం లేదు. "ఇంటికి పంపేస్తారేమో ప్రకాశం. ఈ మోకాలితో నాకు ఊర్లో ఎవరిస్తారు పని?"

తన బదులు ఈ పెద్దాయన పోవాలా? ప్రకాశం లేచాడు. "అన్నా, ఆ మూట..."

అప్పుడే మేడ మొత్తం ప్రమాద గంట మోగింది. వంటగదిలోంచి నల్లటి పొగ. ఆనాటి వంట వంతు ఓబుళేశుదే. పొద్దున్నే పొయ్యి మీద పెట్టిన పప్పును, మహా నేరం దొరికిన సంబరంలో, అతను మరిచేపోయాడు.

"పరిగెత్తండి!" అని నడవలో ఎవరో అరిచారు. పొగలో ఎవరి బూట్లు ఎవరివో తెలియలేదు. అన్నీ నల్లవే. ప్రకాశం కాలికి తగిలినవి తొడుక్కొని, లక్ష్మన్నను భుజం మీద ఆనించుకొని మెట్లు దిగసాగాడు. రెండో అంతస్తు దాటాక ఏదో వింతగా తోచింది. ఇరవై ఏళ్ళుగా అతని కాలికింద మెట్లన్నీ ఒకటి ఎత్తూ, ఒకటి పల్లమూ. ఈరోజు అన్నీ ఒకే మట్టంలో ఉన్నాయి.

కింద ఆవరణలో కొత్త మేనేజరు మనుషుల్ని లెక్కపెడుతున్నాడు. కేరళ ఆయన. పెద్దాయన బరువును భుజాన మోసుకుంటూ తిన్నగా వస్తున్న ప్రకాశాన్ని చూసి, "నువ్వు రేపు ట్రే మోయక్కరలేదు. హాల్లోకి వచ్చేయ్" అన్నాడు.

అందరికంటే చివర, మొహమంతా మసితో, ఓబుళేశు దిగాడు. అతనూ పొగలో గుమ్మం దగ్గర కాలికి తగిలిన జతే తొడుక్కున్నాడు. ఎడమవైపు లేచి, కుడివైపు కుంగి నడుస్తూ వచ్చి సలాం కొట్టాడు.

మేనేజరు అతని కాళ్ళ వైపు చూశాడు. "ఇప్పుడే ఫోనులో చెప్పింది నీ గురించేనా?"

ఓబుళేశు వంగి ఎడమ బూటు విప్పాడు. లోపల నాలుగు మడతల అట్టముక్క. దాన్ని చూశాడు. ప్రకాశం కాళ్ళు చూశాడు. తిన్నగా నిలబడ్డ ప్రకాశాన్ని చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతనికి ఒక నిజం దొరికింది. నోరు తెరిచాడు. లక్ష్మన్న చెయ్యి వెనకనుంచి అతని మెడ మీద పడి, మెత్తగా నొక్కింది.

"చెప్పప్పా డిటెక్టివ్వూ. సార్ అడుగుతాండాడు."

"నా... నా గురించే సార్. కాలు బెణికింది."

"ఇస్త్రీకి కాలెందుకు? పో" అని మేనేజరు చేతిలోని పేర్ల కాగితం మడిచేశాడు.

సాయంత్రం ప్రకాశం శామ్‌కు వీడియో కాల్ చేశాడు.

"ఎట్లుండాయిరా?"

ప్రకాశం ఫోనును కిందికి తిప్పి, ఆవరణ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు.

"పప్పు మాడిన వాసన ఈడికొస్తాండాదిరా" అన్నాడు శామ్, ముక్కు తుడుచుకుంటూ.

"ఫోన్లో వాసన యాడ వస్తాదిరా? ఆ సంగతి నీకెట్ల తెలుసు?"

"మీ గదోడు ఎవరో డిటెక్టివ్ అంట. గంట ముందర ఫోన్ చేసి, ఊరగాయ నూనెను బట్టి నన్ను కనిపెట్టినానని చెప్పినాడు. నీ ఫోన్లోనే చూసినాడేమో నా నంబరు. వానికీ ఒక జత కుట్టాలంట."

"కుట్టొద్దు!"

"కొలతలు కూడా పంపినాడురా. రెండూ ఎడమకాలివే." శామ్ కళ్ళు ఒత్తుకున్నాడు. "అదట్ల ఉండనీలే. నువ్వు ఇంగోసారి నడువు. సరిగ్గా చూల్లేదు."