అంగుళంగారి ఎడమ కన్ను

ఆ రోజు పొద్దున ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు బయల్దేరేలోగా తన రెండు కళ్లలో పెత్తనం దేనిదో తేల్చుకోవడం, సాయంత్రం ఆ కంటికి తగిన పట్టర్ కొనుక్కోవడం. అంతే.

పట్టర్ అంటే గోల్ఫులో బంతిని చివరగా గుంతలోకి నెట్టే పొట్టి కర్ర. కిందటేడు కంపెనీ పోటీలో, అందరూ చూస్తుండగా, ఆయన ఆఖరి బంతి గుంతకు ఎడమవైపు అంగుళం దూరంలోంచి వెళ్లిపోయింది. ఆ సాయంత్రానికే ఆయన ఆఫీసంతటికీ "అంగుళం" అయిపోయాడు. ఇరవయ్యేళ్ల సర్వీసు, పరిపాలన మేనేజరు హోదా, అమ్మానాన్నలు పెట్టిన పేరు, అన్నీ ఆ అంగుళంలో కొట్టుకుపోయాయి. ఎంత అన్యాయం! గుంతలో వేసినవాణ్ణి ఎవరైనా "గుంత" అని పిలిచారా? ఈ ఆదివారం మళ్లీ పోటీ. ఆ పేరు ఊడాలంటే బంతి పడి తీరాలి.

"తప్పు మీది కాదు సార్, కర్రది," అన్నాడు ముందురోజు ఆటసామాన్ల కొట్టాయన. "ఒక్కొక్కరికి ఒక్కో కన్ను పెత్తనం చేస్తుంది. దాన్నిబట్టి కర్ర మెడ వంపు చూసుకోవాలి. చేతులు చాచి, రెండు అరచేతుల మధ్య ముక్కోణం పట్టి, అందులోంచి దూరంగా ఉన్న వస్తువు చూడండి. తర్వాత ఒక్కో కన్నే మూయండి. ఏ కంటికి ఆ వస్తువు ముక్కోణంలోనే కనిపిస్తుందో అదే మీ పెద్ద కన్ను."

తప్పు మీది కాదని ఏడాదిగా ఆయనతో ఎవరూ అనలేదు. ఆ మాటతోనే సగం బేరం అయిపోయింది.

ఇంట్లో వంటింటి గుమ్మంలో నిలబడి, ముక్కోణం పట్టి, హాలు చివరి గోడగడియారం మీద గురిపెట్టి ఎడమ కన్ను మూశాడు. సరిగ్గా అప్పుడే భార్య అడ్డొచ్చింది.

"పొద్దున్నే కన్ను కొడతారేంటండీ? పిల్ల చూస్తుంది!"

"నీక్కాదే, గడియారానికి."

"అవున్లెండి. నాకెందుకు కొడతారు?" అని ఆవిడ చేతిలో గిన్నె ఠంగున బల్లమీద పెట్టింది.

సొంత కొంపలో సొంత కన్ను చూసుకునే స్వేచ్ఛ లేదని మండిపడుతూ ఆయన ఆఫీసుకు వెళ్లాడు. ఆఫీసు హాలు పొడుగు. ఈ చివర ఆయన గది, ఆ చివర క్యాషియర్ కౌంటరు, దానిమీద గోడకు నీలం క్యాలెండరు. గుమ్మంలో నిలబడి క్యాలెండరును ముక్కోణంలో ఇరికించి ఒక కన్ను మూశాడు, తర్వాత రెండోది. అనుమానం తీరక టైపిస్టు వెనకున్న కిటికీనీ అలాగే చూశాడు.

ఆ ఆఫీసులో ఎవరెక్కడ కూర్చోవాలో తేల్చేది ఆయనే. రెండేళ్ల కిందట ఒక పొద్దున ఇలాగే నోరు విప్పకుండా హాలంతా టేపు పెట్టి కొలిచాడు. వారం తిరక్కుండా రికార్డుల సెక్షన్ కుర్చీలతో సహా నేలమాళిగలోకి దిగిపోయింది. అందుకే క్యాషియర్ లెక్కపెడుతున్న నోట్లు సొరుగులో పడేసి లేచాడు.

"నా కౌంటరు లేపేస్తున్నాడమ్మా," అన్నాడు టైపిస్టుతో.

"మీదేనా? నా కుర్చీని ఒకసారి కుడికంటితో, ఒకసారి ఎడమకంటితో చూశాడు."

"రెండు కళ్లతోనూనా? అయితే నీది ఖాయం."

భోజనాల వేళకు ఆ కబురుకు చిలవలు పలవలు పుట్టాయి. కౌంటరు మెట్ల కిందకట, టైపిస్టు గోడౌనులోకట, మిగిలినవాళ్లు ఇంటికేనట. "ఎంత దారుణం! మనుషులమా, బీరువాలమా?" అని అందరూ పని ఆపేసి డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లారు.

ఇదేమీ తెలియని అంగుళంగారు గది తలుపు వేసుకుని ఆనందంలో మునిగి ఉన్నాడు. పెద్ద కన్ను ఎడమది! పాత కర్రతోనే, పొడుగాటి తివాచీ మీద, ఆ చివర పడుకోబెట్టిన గ్లాసులోకి బంతి కొట్టబోతుండగా తలుపు తెరుచుకుంది. డైరెక్టరుగారు, ఆయన వెనక ఆఫీసు ఆఫీసంతా. కర్ర ఎలాగోలా బీరువా చాటుకు వెళ్లింది.

"ఏమయ్యా, హాలు కొలుస్తున్నావట?"

పనివేళల్లో గోల్ఫు కోసం కళ్లు పరీక్షించుకున్నానంటే అంగుళం అన్న పేరు చచ్చేదాకా వదలదు.

"అవును సార్. స్థలం... కొంచెం సర్దుబాటు..."

"సర్దుబాటే కావాలంటే ముందు ఈ గది చూడండి సార్!" క్యాషియర్ ముందుకు తోసుకొచ్చాడు. "మేం మోచేతులు రాసుకుంటూ కూర్చుంటున్నాం. ఇక్కడ ఒక గ్లాసు ఒళ్లు విరుచుకుని పడుకుంది!"

డైరెక్టరుగారు తివాచీని ఆ చివరి నుంచి ఈ చివరికి చూశారు. "నిజమే. నీ గది నువ్వే సగం వదులుకుందామనుకున్నావన్నమాట! శభాష్!"

కాదనడానికి నోరు తెరిచేలోపే చప్పట్లు మోగాయి. శనివారానికల్లా గది మధ్యలో చెక్క గోడ లేచింది. గోడకు అవతల, తివాచీతో సహా, రికార్డుల సెక్షన్ వెలుగులోకి వచ్చి కూర్చుంది.

"నా కన్ను నేను చూసుకున్నందుకు నా గది పోయిందే!" అని ఇంట్లో గావుకేక పెట్టాడు.

"ఇంత శిక్ష పడిందంటే ఎవరికి కొట్టారో ఏమో ఆ కన్ను!" అంది భార్య.

ఆదివారం వచ్చింది. కొత్త పట్టర్, ఎడమ కన్ను, ఆఖరి బంతి. చుట్టూ నవ్వు ఆపుకుంటున్న అవే ముఖాలు. ఆయన మెల్లగా నెట్టాడు. బంతి పోయి పోయి, గుంత అంచున ఒక్క క్షణం ఆలోచించి, లోపల పడింది. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి, రెండూ. డైరెక్టరుగారు భుజం తట్టి, "ఇవాళ్టితో అంగుళం పోయాడయ్యా!" అన్నారు.

సోమవారం ఆయన ఛాతీ విరుచుకుని ఆఫీసుకు వచ్చి, మోకాళ్లు మడుచుకుని తన కుర్చీలోకి దూరాడు. చెక్క గోడ అవతల్నుంచి, రికార్డులవాళ్లతో కబుర్లకొచ్చిన క్యాషియర్ గొంతు వినిపించింది.

"మెల్లగా మాట్లాడండి. సగంగది వచ్చేశాడు."

అంగుళం అని మాత్రం ఆ తర్వాత ఆయన్ను ఎవరూ అనలేదు.