అబూ హమూర్ మంచుగచ్చుపై ఏకైక గోలు

స్వస్తిశ్రీ భావనామ సంవత్సర, దక్షిణాయన, శరదృతు, ఆశ్వయుజ శుద్ధ దశమీ శుక్రవారమందు, అనగా ఇంగ్లీషు లెక్కన పందొమ్మిది వందల తొంభై నాలుగు అక్టోబరు నెలలో, మేరుపర్వతానికి ఏ దిక్కున ఉన్నదో మన పురోహితవర్గం ఇంకా తేల్చుకోలేకపోతున్న ఖతర్ దేశమున, చండమార్తాండ కిరణపరంపరకు తారురోడ్డు సైతం మెత్తబడి చెప్పులను పట్టుకుని వదలని దోహా నగర దక్షిణభాగమున, ఉల్లిపాయల హోల్‌సేల్ బజారుకు కూతవేటు దూరంలోని అబూ హమూర్ వినోదశాలలో, విద్యుద్యంత నిరంతరఘోష నడుమ గడ్డకట్టిన మంచుగచ్చు ఒడ్డున, రబ్బరు పట్టా మీద, స్వెట్టరు పైన మఫ్లరు, మఫ్లరు పైన మంకీ టోపీ ధరించి, ఎరువులకర్మాగార షిఫ్టు ఇంజనీరు, బాలహాకీసేనా శిక్షకచక్రవర్తి కామేశ్వరరావు నిలబడి ఉన్నాడు. అతని చూపు మేనేజరు అద్దాల గది మీదే ఉంది. ఆట మీద మాత్రం కాదు.

ఎందుకుండదు చెప్పండి. జట్టు పుట్టి రెండేళ్ళు. ఈ రెండేళ్ళలో ఆ సేన శత్రుదుర్గంలోకి ఒక్క గోలు, పొరపాటున కూడా, పంపి ఎరుగదు. వినోదశాల మేనేజరు ఓపిక నశించి మొన్ననే, జుమా అంటే శుక్రవారమూ మాఫీ అంటే లేదూ అయిన గల్ఫుభాషలో, శాసనం జారీ చేశాడు: "ఈ జుమా గోల్ మాఫీ, వచ్చే జుమా హాకీ మాఫీ. ఆ గంట బర్త్‌డే పార్టీలకు ఇచ్చేస్తా." ఆ మాట విని, సేనానాయకురాలూ కామేశ్వరరావు ఏకైక పుత్రికారత్నమూ అయిన ధాత్రి ఆ పూట అన్నం ముట్టలేదు. మెసయీద్ ఊళ్ళోని ఎరువుల కంపెనీ క్వార్టర్లలో వారమంతా ఆ పిల్ల బతికేది శుక్రవారం కోసమే. తండ్రికి ఆ సంగతి బాగా తెలుసు, అందుకే గుండెలో రాయి పడింది.

ఇక ఈ మహాసేన పుట్టుపూర్వోత్తరాలు. వినోదశాలలో లెక్కలు చూసే ఫసీయుద్దీన్, కామేశ్వరరావుకు హైదరాబాదు రోజుల నాటి స్నేహితుడు, ఒకనాడు చాయ్ తాగుతూ, "మా కాడ పిల్లలకు హాకీ క్లబ్ పెడుతున్నరు సార్. కోచ్ దొరుకుతలేడు" అన్నాడు. అనడమే తడవు, కాకినాడ కాలేజీ ఎర్రమట్టి మైదానంలో ఒకప్పుడు మోకాళ్ళు చీరుకుపోయేలా ఆడిన ఆ వీరుడి రక్తం ఉప్పొంగింది. "హాకీయా? నేను యూనివర్సిటీకి లెఫ్ట్ ఇన్ ఆడానండీ" అనేశాడు. మన దేశంలో హాకీ అంటే హాకీయే గదా, మట్టి మీద కాక మరెక్కడ ఆడతారు? వంకీకర్ర ఒకటి, కాన్వాసు బూట్లు ఒక జత పట్టుకుని మహోత్సాహంతో ద్వారం దాటినవాడు, ఎదుట తెల్లగా, నున్నగా, పొగలు కక్కుతూ పరుచుకున్న మంచును చూసి అక్కడికక్కడే కొయ్యబారిపోయాడు.

"మంచు అని ఒక్కముక్క చెప్పలేదేమండీ?"

"మీరడగలే సార్. ఈడ హాకీ అంటే గదే."

వెనక్కి తిరిగిపోదామంటే అప్పటికే శ్రీమతి అరుంధతి ఈ పదవీస్వీకార వార్తను క్వార్టర్లన్నిటికీ మైసూరుపాకుతో సహా పంచేసింది. పరువు అనే పాశం కాళ్ళకు చుట్టుకుంది. నాటి నుంచి నేటి వరకు ఆ శిక్షకచక్రవర్తి రబ్బరు పట్టా దిగలేదు. ఒడ్డునే నిలబడి, ఎర్రమట్టి విద్యనంతా మంచుకు ఉపదేశించాడు. "మీరు రారేం అంకుల్?" అని పిల్లలడిగితే, "సేనాపతి గట్టు మీద ఉంటేనే రణరంగమంతా కనబడుతుంది" అని గంభీరంగా సెలవిచ్చేవాడు. పిల్లలు నమ్మారు. పాపం, ధాత్రి అందరికంటే ఎక్కువ నమ్మింది.

సేన సంగతి చెప్పాలంటే, కేరళ నర్సమ్మ కవలలు కుడిఎడమల, మందులషాపు ఈజిప్టాయన కొడుకు గోలుపోస్టులో, అతగాడు నిలబడితే ఖాళీ తక్కువ మిగులుతుందన్న వ్యూహంతో, మధ్యన ధాత్రి. ప్రత్యర్థులో, చమురు బావుల మీద పనిచేసే కెనడా ఇంజనీర్ల తనయులు, పాలపళ్ళు ఊడకముందే మంచు మీద పరుగు నేర్చిన హిమశార్దూలాలు. వాళ్ళతో ఆడిన ప్రతిసారీ మనవాళ్ళు ఓడారు. ఒకసారైతే పక్ అనే ఆ నల్లరబ్బరు బిళ్ళను ఆటంతా అయ్యేదాకా ముట్టుకోనేలేదు.

ఆనాడు విజయదశమి. తెల్లవారుతూనే అరుంధతి హాకీకర్రలకు, స్కేటింగ్ బూట్లకు, ఆతిథ్యజట్టు తేవలసిన ఆ పక్‌కు పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి ఆయుధపూజ చేసింది. కర్పూరహారతి ఇస్తూ కూతురితో, "ఇవాళ ఇవి అమ్మవారి ఆయుధాలే అమ్మడూ. కాలు తగలనివ్వకు, తగిలితే కళ్ళకద్దుకో" అంది. కాళ్ళకు కత్తులు కట్టుకుని ఆడే ఆటలో కాలు తగలకుండా ఎలా ఉంటుందో ఆ ఇల్లాలికి ఎవరు చెప్పగలరు? భర్తకు ధైర్యం చాలలేదు.

అదిగో రిఫరీ ఈల. స్కాట్లండు నుంచి వచ్చిన ఆ స్కూలుమాస్టారు నిబంధనలకు తప్ప నవ్వుకు లొంగనివాడు. ఆ ఈలతో కెనడా కుమారవీరులు ఝంఝామారుతవేగంతో, కర్రల కటకటారావంతో, మంచుపొడి మేఘాలు లేపుతూ విరుచుకుపడ్డారు. ఈజిప్టు దుర్గపాలకుని కుడివైపు నుంచి ఒకటి, ఎడమవైపు నుంచి ఒకటి, కాళ్ళసందు నుంచి మరొకటి, ఇలా గోల్స్ వర్షం కురిసి, చివరి ఘట్టానికి స్కోరు పదకొండు, సున్నా అయింది. మేనేజరు అద్దాల గదిలోంచి గడియారం చూసుకున్నాడు. బర్త్‌డే బెలూన్లు కామేశ్వరరావు కళ్ళముందు రంగురంగులుగా ఎగిరాయి.

అప్పుడు జరిగింది ఆ అద్భుతం. కవలల్లో ఒకడు భయపడి వదిలేసిన పక్ జారుకుంటూ శత్రుదుర్గద్వారం దాకా వెళ్ళి, అక్కడ తచ్చాడుతున్న ధాత్రి కాలికి ఠపీమని తగిలింది. కాలు తగిలింది! అమ్మవారి ఆయుధం! ఆ క్షణాన ఆ బాలిక గోలును మరిచింది, జట్టును మరిచింది, తనను తుత్తునియలు చేయడానికి మహిషవేగంతో వస్తున్న కెనడా రక్షకభటుణ్ణి మరిచింది. తటాలున వంగి, గ్లవ్వు వేళ్ళతో పక్‌ను తాకి, హెల్మెట్ ఊచల మీదుగా ఆ వేళ్ళను కళ్ళకద్దుకుంది. ఆమెను గుద్దవలసిన ఆ మహాకాయుడు వంగిన వీపు మీదుగా పల్టీకొట్టి, పక్ వెనక బోర్లాపడి, దాన్ని ముందుకు నెట్టుకుంటూ జారి, తమ గోలుకీపరును కూడా కలుపుకుని, వలలో పోయి పడ్డాడు. పక్ గీత దాటింది.

రిఫరీ మాత్రం చెయ్యెత్తి ఆట ఆపాడు. పక్‌ను పిడికిట పట్టడం నేరం. ఈ పిల్ల చేత్తో ఏం చేసింది? ధాత్రి ఏదో చెప్పబోయి, పట్టా మీది తండ్రి వైపు చూసింది. "కోచ్, ఇక్కడికి రావాలి" అన్నాడాయన.

వీరుడి ముఖం పాలిపోయింది. ఫసీయుద్దీన్ పక్క నుంచి మెల్లగా, "సార్, ఇజ్జత్ సంగతి తర్వాత చూస్కుందాం. బిడ్డ నిలవడ్డది చూడుండ్రి. యల్లా, నడువుండ్రి" అన్నాడు. చూశాడు. ఆ కళ్ళు తననే చూస్తున్నాయి. అంతే, రెండేళ్ళ మహారహస్యాన్ని పట్టా మీదే వదిలి, తోలుబూట్లతో ఆ హిమార్ణవంలోకి పాదం మోపాడు. మోపిన పాదం తూర్పుకు, రెండో పాదం పడమరకు ప్రయాణం కట్టగా, మఫ్లరు ధ్వజంలా ఎగరగా, వీరుడు వెల్లకిలా పడ్డాడు. లేచాడు, పడ్డాడు. చివరికి అభిమానాన్ని ఆవల పెట్టి, చంటిపిల్లాడిలా చేతులూ మోకాళ్ళూ ఆనించి, పాకుతూ రణరంగమధ్యానికి చేరాడు. కెనడా వీరులు నవ్వారు. మనవాళ్ళెవరూ నవ్వలేదు.

"ఓ న్యాయమూర్తీ! పాదస్పర్శాపరాధ పరిహారార్థం నా పుత్రిక ఆయుధాన్ని స్పృశించి నేత్రాలకద్దుకున్నదే గాని, పిడికిట బంధించలేదు, మా ఇంట పుస్తకానికైనా, చీపురుకైనా, సాటి మనిషికైనా ఇదే మర్యాద" అని అతని హృదయం ఘోషించింది. నోటి వెంట వచ్చింది మాత్రం ఇది:

"సర్, లెగ్ టచింగ్. సో, షీ ఈజ్ టెల్లింగ్ సారీ. టు ది పక్."

రిఫరీ చాలాసేపు ఆ నాలుగుకాళ్ళ సేనాపతిని చూశాడు. వంగి పక్‌ను చూశాడు. దాని మీద కుంకుమబొట్టు చెరిగిపోలేదు, పిడికిట పట్టి ఉంటే చెరిగేదే. ఆపైన గోలు వైపు చెయ్యి చాచాడు. అద్దాల గదిలో మేనేజరు తలుపు తీసి, "నెక్స్ట్ జుమా, సేమ్ టైమ్" అని ఒక్కమాట అని మళ్ళీ వేసుకున్నాడు.

పిల్లల కేరింతల మధ్య ధాత్రి జారుకుంటూ వచ్చి తండ్రి ముందు ఆగింది.

"నాన్నా, నీకు అసలు రాదా?"

"రాదమ్మా. నాకొచ్చింది మట్టి హాకీ."

"మరి మాకు నేర్పినవన్నీ?"

"అవీ మట్టివే."

ఆమె ఆలోచించింది. కోపం రావాలో నవ్వు రావాలో ఆ ముఖానికి కాసేపు తెలియలేదు. చివరికి చెయ్యి చాచింది. "లే. మోకాళ్ళు వంచు. కిందకి చూడకు, నన్ను చూడు."

కాబట్టి ఓ సభాసదులారా, దశదిశలా చాటండి: పదకొండు గోల్స్ చేసికూడా దిగాలుపడ్డ శత్రుసేన బూట్లు విప్పుకుంటుండగా, ఒక్క గోలుతో దిగ్విజయం సాధించిన అబూ హమూర్ బాలసేన వెనకనుంచి నెడుతుండగా, కూతురు చెయ్యి పట్టుకున్న కామేశ్వరరావు, ఆ అపార మంచుగచ్చు మీద, రబ్బరు పట్టా దాకా, పడకుండా నడిచాడు.